అమ్మ ఉండగానే వేరు కాపురం

ఆటిజం ఉన్న కొడుకో కూతురో పాతికేళ్ళకు వచ్చాక ఇళ్ళల్లో వినిపించే మాట ఒకటే. ఓపిక ఉన్నన్నాళ్ళు మేం చూసుకుంటాం, ఆ తర్వాత తోడబుట్టినవాళ్ళు చూస్తారు, అదీ కుదరకపోతే ఏదో ఒక ఆశ్రమంలో చేర్పిద్దాం అని. తెనాలిలోనైనా, బాపట్ల, రేపల్లెల్లోనైనా ఈ మాటను తప్పుపట్టేవాళ్ళు అరుదు. పైగా త్యాగం కింద లెక్కగట్టి మెచ్చుకుంటారు. ప్రేమకు ఇందులో లోటు లేదు. అయినా ఈ ఆలోచన ఆ బిడ్డలకు తీరని అపకారం చేస్తుంది. వాళ్ళ ఇంటి ఏర్పాటు తల్లిదండ్రులు బతికుండగానే, పుట్టి పెరిగిన ఊళ్ళోనే జరిగి తీరాలి.

ఎందుకంటే ఆటిజం స్వభావమే అలాంటిది. 1943లో పిల్లల మనోవైద్యుడు లియో కానర్ దాన్ని వర్ణించినప్పుడే, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలన్న గట్టి పట్టుదలను ముఖ్య లక్షణంగా గుర్తించాడు. వయసు వచ్చినా చాలామందిలో అది పోదు. రోజూ అదే కంచం, అదే కుర్చీ, సాయంత్రం వీధి చివరి కిళ్ళీకొట్టు దాకా అదే నడక. మిక్సీ వేసే ముందు చెప్పాలి, కరెంటు పోతే పక్కన మనిషి ఉండాలి, పెరుగన్నం విడిగా గిన్నెలో పెట్టాలి. ఇవన్నీ తల్లి ఒక్కతికే తెలుసు, ఎక్కడా రాసి ఉండవు. ఆమె పోయిన పెద్దకర్మ లోగానే ఆమెతో పాటు ఇల్లు, మంచం, వంట రుచి, ఊరు అన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. మాటలు రానివాడు తన బాధను ఎవరికి చెప్పుకుంటాడు? అరుస్తాడు, తల గోడకేసి కొట్టుకుంటాడు. కొత్తచోటివాళ్ళు దాన్ని మొండితనం అనుకుంటారు, మందు మోతాదు పెంచమని అడుగుతారు. మార్పును అందరికన్నా తక్కువ తట్టుకోగల మనిషికి అన్ని మార్పులూ ఒకే వారంలో పెడుతున్నాం. దీనికి మనం పెట్టుకున్న పేరు కన్నప్రేమ.

తోబుట్టువుల సంగతి త్వరగా తేలిపోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున పుడుతున్నది 1.7 మంది. ఆ ఒక్క అక్కో అన్నో హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉంటారు. అమెరికా పౌరసత్వం వచ్చిన అక్క తమ్ముడి కోసం దరఖాస్తు పెట్టినా, తోబుట్టువుల కోటాలో భారతీయుల నిరీక్షణ పదేళ్ళు దాటుతుంది. చూసుకోవాలన్న మనసు ఉన్నా దారి లేనివాళ్ళ మీద ఈ ఏర్పాటంతా నిలబెట్టాం.

ఇక ఆశ్రమం. కానర్ 1943లో వర్ణించిన పదకొండుమంది పిల్లలు ఏమయ్యారో 1971లో తానే వెతికి రాశాడు. ప్రభుత్వ ఆశ్రయాల్లో ఏళ్ళ తరబడి ఉండిపోయినవాళ్ళు అంతకుముందు వచ్చిన కాస్త నేర్పునూ పోగొట్టుకున్నారు. వాళ్ళలో మొదటివాడైన డొనాల్డ్ ట్రిప్లెట్ కథ వేరు. అతణ్నీ పసితనంలో ఒక సంస్థలో చేర్చారు, ఏడాదికి తల్లిదండ్రులు ఇంటికి తెచ్చుకున్నారు. తర్వాత కొన్నేళ్ళు ఊరి దగ్గరే ఒక రైతు దంపతుల ఇంట పెరిగాడు. మిసిసిపీలోని ఫారెస్ట్ అనే చిన్న ఊళ్ళో బ్యాంకులో ఉద్యోగం చేశాడు, కారు నడిపాడు, 2023లో 89 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. డబ్బున్న కుటుంబం కాబట్టి సాగిందంటారు. డబ్బు ఉన్నమాట నిజమే. కానీ అతని తీరు తెలిసిన ఊరు, అతన్ని అతనిలాగే ఉండనిచ్చిన ఇరుగుపొరుగు డబ్బుతో కొన్నవి కావు. మూసిన గేటు వెనక ఏం జరుగుతుందో మనకూ తెలుసు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు చనిపోయారు. వాళ్ళకున్నది ఆటిజం కాదు. కానీ అయినవాళ్ళ రాకపోకలు లేని చోట ఉన్న ప్రమాదం ఇద్దరికీ ఒకటే.

చట్టం ఈ విషయంలో మన ఇళ్ళకన్నా ముందుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్ సమాజంలో కలిసి బతికే హక్కు ఇచ్చింది. 37వ సెక్షన్ గృహ పథకాల్లో 5 శాతం కేటాయించమంది. ఆదాయపు పన్నులో 80డీడీ మినహాయింపు కింద తీసుకునే పాలసీల డబ్బు ఒకప్పుడు తల్లిదండ్రులు పోయాకే బిడ్డకు అందేది. 2019లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను పునరాలోచించమంది, 2022 ఫైనాన్స్ చట్టం తల్లిదండ్రులకు 60 నిండాక బతికుండగానే అందే వీలు కల్పించింది. బిడ్డకు 18 దాటితే కన్నవాళ్ళకైనా సహజ సంరక్షకులన్న హోదా ఉండదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి సంరక్షకుడి నియామకం కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. ఆస్తి ఏమవుతుందోనన్న భయానికీ అందులో జవాబుంది. సంరక్షకుడు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటేటా లెక్క చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక తెనాలివాళ్ళు గుంటూరు కలెక్టర్ దగ్గరికి, రేపల్లెవాళ్ళు బాపట్ల కలెక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఈ కమిటీలు క్రమం తప్పకుండా కూర్చునేలా అడగడం తల్లిదండ్రుల సంఘాల మొదటి పని.

బిడ్డను వేరే ఇంట్లో పెట్టడం వదిలించుకోవడమేనని అత్తగార్లు, మేనమామలు అంటారు. పెళ్ళయిన కొడుకును పక్కవీధిలో వేరు కాపురం పెట్టిస్తే ఎవరూ అలా అనరే! ఏర్పాటు ఇలా ఉండొచ్చు: నలుగురు ఉండే అద్దె ఇల్లు, ఇద్దరు సహాయకులు, మొదట వారానికి రెండు రాత్రులు, అలవాటయ్యాక నాలుగు. అమ్మ రాసిచ్చిన నోటు పుస్తకం వంటింట్లో ఉంటుంది, తప్పు జరిగితే సరిదిద్దడానికి అమ్మా ఉంటుంది. ఆడపిల్లల విషయంలో భయం న్యాయమైనదే. అందుకే వాళ్ళ ఇల్లు వేరుగా, మహిళా సహాయకులతో, కుటుంబం ఏ వేళకైనా చెప్పకుండా వచ్చి చూసే వీలుతో ఉండాలి. నిపుణులు చిన్న ఊళ్ళకు రారన్నది మరో మాట. మూడు ఊళ్ళకూ ఒకే బృందం చాలు. తెనాలి జంక్షన్ నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు రైలుంది, బాపట్ల మెయిన్ లైన్లోనే ఉంది. స్పెషల్ ఎడ్యుకేటర్ వారంలో మూడు చోట్లా తిరిగి రావచ్చు.

ఖర్చు మాత్రం గట్టి అభ్యంతరమే. 2024 జులై నుంచి రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. అర్హులైన నలుగురివి కలిపితే 24,000. అద్దెకు, సరుకులకు ఎలాగో సర్దుకోవచ్చు, సహాయకుల జీతాలకు మాత్రం చాలదు. ఆ జీతాలు ప్రభుత్వం ఇవ్వాల్సిందే. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు బడి వయసు దాకా, బాలల ఆరోగ్య పథకం 18 ఏళ్ళ దాకా చూసి వదిలేస్తున్నాయి, ఆ తర్వాతి నలభై యాభై ఏళ్ళకు బడ్జెట్లో పద్దు లేకపోవడం అన్యాయం. తెనాలిలో ఒకటి, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి, మూడు ఇళ్ళ జీతాల లెక్క ఇద్దరు కలెక్టర్ల ముందూ ఈ ఏడే పెట్టాలి. నలభై దాటిన బిడ్డలున్న డెబ్బై ఏళ్ళ తల్లుల దరఖాస్తులు అందరికన్నా ముందు తీసుకోవాలి.