సంతకం కలవలేదు

ముప్పై ఏళ్ల బ్యాంకు ఉద్యోగంలో ఎన్ని సంతకాలు పోల్చి చూశానో లెక్కలేదు. అయినా మా మేనల్లుడి సంతకం మారినప్పుడు అది జబ్బని నాకు తట్టలేదు.

2009 నాటి మాట. హిందూపురం నుంచి మా చెల్లెలి కొడుకు సెలవులకు బెంగళూరు వచ్చాడు. పద్నాలుగేళ్లవాడు. వాడి పేర నేనే తెరిపించిన ఖాతాలో డబ్బు తీయడానికి ఫారం రాశాడు. అక్షరాలు పురుగులు పాకినట్టున్నాయి. సంతకం కలవలేదు. "శ్రద్ధ లేదురా నీకు!" అని కసిరాను. వాడేదో అన్నాడు, మాట ముద్దగా వచ్చింది. ఊళ్లో అప్పటికే బడిలో దెబ్బలు తిన్నాడట. తాయెత్తు కూడా కట్టించారట.

అన్నం కలుపుతుంటే చెయ్యి వణకడం మా ఆవిడ కనిపెట్టింది. ఆమె పోరు పడలేక హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌కు తీసుకెళ్లాను. డాక్టరుగారు చేతులు చాపించారు, రాయించారు, కంటి పరీక్షకు పంపారు. నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం! రక్తంలో సెరులోప్లాస్మిన్ తక్కువ, మూత్రంలో రాగి ఎక్కువ. విల్సన్ వ్యాధి అన్నారు. విల్సన్ అనే వైద్యుడు 1912లో వివరించిన జబ్బట.

నా లెక్కల భాషలో ఇది జమే తప్ప ఖర్చు లేని పద్దు. తిండిలో వచ్చే రాగి ఎక్కువైతే కాలేయం పైత్యరసంతో బయటికి పంపాలి. ఆ దారి మూసుకుపోతే కాలేయంలో, మెదడులో పేరుకుంటుంది. అరుదైన జబ్బే గాని, మూడు దశాబ్దాల్లో చూసిన 282 మంది రోగుల వివరాలను నిమ్హాన్స్ వైద్యులు 2007లో ప్రచురించారు. మందులున్నాయి. రాగిని బయటికి లాగేది పెనిసిలమిన్, ఒంటబట్టకుండా ఆపేది జింకు. జీవితాంతం వాడాలి. మానితే ప్రాణానికే ముప్పు. రాగి చెంబులో నీళ్లు కూడా వద్దన్నారు.

చివర ఒక ప్రశ్న అడిగారు: "తోబుట్టువులున్నారా?"

మా చెల్లెలిది మేనరికం. తల్లిదండ్రులిద్దరిలోనూ ఈ లోపం దాగి ఉంటే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంది. ఆడుతూ పాడుతూ తిరిగే పదేళ్ల పిల్లకు పరీక్ష చేయిస్తే దానికీ ఉంది! మా చెల్లెలు కూలబడిపోయింది. "ముందుగా దొరకడం అదృష్టమమ్మా" అన్నారు డాక్టరుగారు.

ఆ మాటే నిజమైంది. మందులు తప్పని ఆ పిల్లకు ఇన్నేళ్లలో ఒక్క లక్షణమూ రాలేదు. వాడు తేరుకోవడానికి రెండేళ్లు పట్టింది. మాట ఇప్పటికీ కాస్త తడబడుతుంది.

పిల్లల చేతిరాత ఉన్నట్టుండి చెడితే, మాట ముద్దగా వస్తే కసరకండి. నరాల డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు తేలితే తోబుట్టువులందరికీ పరీక్ష చేయించండి.

పాసు కాని ఆ ఫారం ఇంకా నా బీరువాలోనే ఉంది. ఆ రోజు తప్పు వాడి సంతకానిది కాదు.