పెంపుడు కుక్క - పురుగుల మందు - మన బాధ్యత

కుక్క విశ్వాసానికి మారుపేరని చిన్నతరగతుల నుంచీ వ్యాసాలు రాస్తూనే ఉన్నాం. వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గంలో అడుగు పెట్టనన్న ధర్మరాజును మెచ్చుకుంటూనే ఉన్నాం. కాని మన వాకిట్లోని కుక్క నోట నురగలు కక్కుతూ గిలగిల కొట్టుకుంటుంటే ఏం చెయ్యాలో మనలో ఎంతమందికి తెలుసు? "ఎవరో మందు పెట్టిన్రు, దాని ఆయువు అంతే" అనుకుని పెరట్లో గొయ్యి తవ్వడం తప్ప మరో దారి లేదా? ఉన్నదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు 2016 అక్టోబరు దాకా ఒకే వరంగల్ జిల్లాలో ఉండేవి. జిల్లాలు వేరైనా పంటలు వేరు కాలేదు. పత్తి, మిరప, వరి - ఈ మూడింటి చుట్టూనే మన పల్లె బతుకు తిరుగుతుంది. పత్తి, మిరప ఉన్నచోట పురుగుల మందు ఉంటుంది. 1997-98లో పత్తి దెబ్బతిని అప్పుల పాలైన రైతులు ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్న విషాదం ఈ నేల ఇంకా మరచిపోలేదు. రైతు ప్రాణం తీసిన ఆ డబ్బానే నేటికీ మన వంటింటి గూట్లోనో, వడ్ల బస్తాల పక్కనో, మంచం కిందనో ఉంటుంది. కుక్క ముక్కుకు అందనిది ఏముంది? కనుక కుక్కను చంపుతున్న విషం ఎక్కువగా శత్రువు చేతిలోది కాదు, మన ఇంట్లోదే అన్నది ముందుగా ఒప్పుకోవాలి.

ఈ విషాలన్నీ ఒక్క తీరువి కావు. లక్షణాలు గుర్తుపట్టగలిగితే సగం పని అయినట్లే.

మొదటిది, పురుగుల మందులు, గుళికల మందులు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, కార్బోఫ్యూరాన్ ఈ కోవలోవి. ఇవి ఒంట్లోకి పోయిన కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల్లోపు చొంగ ధారగా కారుతుంది. కళ్ల వెంట నీళ్లు, వాంతులు, విరేచనాలు, తెలియకుండానే మూత్రం పోవడం, కంటిపాప సూదిమొనంత కావడం, కండరాలు అదరడం, ఊపిరి అందకపోవడం వరసగా కనిపిస్తాయి. వీటికి విరుగుడు ఉన్నది. అట్రోపిన్ అనే చవకైన ఇంజక్షనే దాని ప్రాణదాత. కొన్ని మందులకు ప్రాలిడాక్సిమ్ కూడా వాడతారు.

రెండవది, ఎలుకల మందు. నల్లని పొడిగా దొరికే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును పుట్టిస్తుంది. ధాన్యంలో పెట్టే బిళ్లల్లోని అల్యూమినియం ఫాస్ఫైడ్‌దీ అదే గుణం. కడుపు ఉబ్బరం, వాంతులు, వణుకు కనిపిస్తాయి. వాంతి వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేపల వాసనో కొట్టవచ్చు. అట్లని దగ్గరకు వంగి వాసన చూడరాదు. ఆ వాయువు మనుషులకూ ప్రమాదమే. తలుపులు, కిటికీలు బార్లా తెరవాలి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. తొందరగా వైద్యం అందడమొక్కటే ఆశ.

ఎలుకల కోసం పెట్టే బ్రోమాడియోలోన్ బిళ్లలది మరో మోసం. తిన్ననాడు కుక్క హుషారుగానే ఉంటుంది. మూడు నుంచి ఐదు రోజుల తర్వాత చిగుళ్లు తెల్లబడతాయి, ముక్కు నుంచో మలంలోనో రక్తం కనిపిస్తుంది, ఆయాసపడుతుంది. అప్పటికి ఇంట్లోవాళ్లు ఎలుకల మందు సంగతే మరచిపోయి ఉంటారు! దీనికి విటమిన్ కె1 విరుగుడు. అయితే వారాల తరబడి వాడాలి. కుక్క తేరుకున్నదని మధ్యలో మానితే మళ్లీ రక్తస్రావం మొదలవుతుంది.

మూడవది మన తెలివితక్కువతనం తెచ్చిపెట్టే విషం. పిడుదులు పట్టాయని పత్తికి కొట్టే మందునే నీళ్లలో కలిపి కుక్క ఒంటికి పూసేవాళ్లు ఉన్నారు. అది చర్మంలోంచి ఇంకుతుంది, కుక్క నాకినప్పుడు కడుపులోకీ పోతుంది. జ్వరం వచ్చిందని పారాసిటమాల్, కుంటుతున్నదని నొప్పుల గోలీ వేసేవాళ్లకూ కొదవ లేదు. మనిషికి మందైనది కుక్కకు మందు కానక్కరలేదు. చాక్లెట్, ఉల్లిగడ్డ, ద్రాక్ష, కిస్మిస్ కూడా దానికి చెరుపు చేసేవే. ఎరువుగా వేసే ఆముదపు పిండిని కుక్కలు ఇష్టంగా తింటాయి. ఆముదపు గింజలోని విషం అందులో మిగిలి ఉండవచ్చన్నది చాలామందికి తెలియదు.

ఇక చేయవలసిందేమిటి? మొదట కుక్కను ఆ చోటు నుంచి దూరంగా తీసుకుపోవాలి. ఒంటికి మందు అంటితే చేతులకు ప్లాస్టిక్ కవర్లైనా తొడుక్కుని సబ్బుతో, ధారాళమైన నీళ్లతో కడగాలి. తిన్నదేమిటో, ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో చూసి, ఆ డబ్బానో పొట్లాన్నో వెంట పట్టుకుని పశువుల డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. బయలుదేరే ముందే ఫోను చేసి కుక్క బరువు, మందు పేరు చెబితే డాక్టరు విరుగుడు సిద్ధం చేసుకుంటాడు. లక్షణాలు కనిపించేదాకా ఆగుదామనుకోవడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. తిన్నదని తెలిస్తే చాలు, బయలుదేరాలి. మొదటి గంట, రెండు గంటల్లో చేసే వైద్యానికున్న బలం ఆ తర్వాత ఉండదు.

చేయకూడనివి ఇంకా ముఖ్యం. ఉప్పునీళ్లు పట్టించవద్దు, ఉప్పు ఎక్కువైతే అదే మరో విషం. పాలు, నూనె, పచ్చిగుడ్డు, చింతపండు రసం పోయవద్దు. నూనె, కొవ్వు కొన్ని విషాలను మరింత త్వరగా ఒంటికి పట్టిస్తాయి. స్పృహ తప్పుతున్న కుక్క నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎలుకల మందు తిన్న కుక్కకు అన్నం పెడితే కడుపులో ఆమ్లం ఊరి విషవాయువు ఇంకా పుడుతుంది. వాంతి చేయించాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయించాలి గాని పక్కింటి పెద్దమనిషి కాదు.

కావాలని విషం పెట్టేవాళ్ల సంగతి ఏమిటని మిత్రులు అడగవచ్చు. ఆ పాపమూ మన గడప దగ్గరే జరుగుతున్నది. 2026 జనవరిలో హనుమకొండ జిల్లా శాయంపేట, ఆరేపల్లి గ్రామాల్లో వీధికుక్కలను విషమిచ్చి చంపారన్న ఫిర్యాదుపై పోలీసులు కేసు నమోదు చేశారు. వీధికుక్కల బెడద లేదని ఎవరూ అనరు. కరిచిన కుక్క వల్ల పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లికి నీతులు చెప్పే హక్కు మనకు లేదు. కాని దానికి చట్టం చూపిన దారి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రేబీస్ టీకాలు. 2001లో వచ్చి 2023లో మారిన నియమాలు చెప్పేది అదే. జంతువును విషం పెట్టి చంపడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారమూ, భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారమూ నేరం. సంహిత కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. అన్నింటినీ మించి, ఎరగా వేసిన ముద్దకు ఏది వీధికుక్కో ఏది పెంపుడు కుక్కో తెలియదు. అదే వాకిట్లో పాకే పసివాడెవరో కూడా తెలియదు.

అసలు సమస్య ఇక్కడే ఉంది. "మనుషులకే దిక్కు లేదు, కుక్కల సంగతి ఎందుకు?" అనేవారికి నా జవాబు ఒక్కటే. కుక్కకు అందిన డబ్బా రేపు పిల్లవాడికీ అందుతుంది. అప్పులతో కుంగిన రైతుకు ఏ అర్ధరాత్రో అందుతుంది. ఇంట్లో విషం తప్పుచోట ఉన్నదని మొదట చెప్పేది ఆ మూగజీవమే, తన ప్రాణం పెట్టి చెబుతుంది. దాన్ని పూడ్చిపెట్టి డబ్బాను మాత్రం ఉన్నచోటనే ఉంచితే మనం నేర్చుకున్నదేమిటి?

ప్రభుత్వం కొన్ని మందులను నిషేధించింది. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపింది. ఫోరేట్, ట్రయజోఫాస్ వంటివి 2020 చివరితో నిలిచిపోయాయి. మంచిదే. కాని అటక మీది పాత సీసాకు గెజిట్ చదవడం రాదు. ప్రతి ఇంట్లోనూ మందులకు తాళం వేసిన పెట్టె ఉండాలి. ఖాళీ డబ్బాలకు చిల్లులు పొడవాలి. వాటిలో నీళ్లు, గింజలు పోసే అలవాటు పోవాలి. మామునూరులో పశువైద్య కళాశాల ఉన్నది, సంతోషమే. కాని మారుమూల పల్లె నుంచి అక్కడికి చేరేలోగా ఆ మొదటి గంట గడిచిపోతుంది. కనుక మండలంలోని ప్రతి పశువుల దవాఖానలో అట్రోపిన్, విటమిన్ కె1 ఏనాడూ నిండుకోకుండా చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది. అడగవలసిన బాధ్యత మనది.

విద్యార్థి మిత్రులారా! మనలో ఎక్కువమందిమి ఆ పత్తిచేల నుంచి వచ్చినవాళ్లమే. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు అటక మీద ఏముందో ఒక్కసారి చూద్దాం. పశువుల డాక్టరు ఫోను నంబరు గోడ మీద రాసి పెడదాం. నాలుగు మాటలు అమ్మకు, నాయనకు, పక్కింటివాళ్లకు చెబుదాం. ఇందుకు యూనియన్ తీర్మానమూ అక్కరలేదు, ప్రభుత్వ నిధులూ అక్కరలేదు. ఒక తాళంకప్ప చాలు.