టాలిలిన్ పట్టాలు

వేల్సు దేశమందలి టాలిలిన్ రైలుదారి నిడివి 7 మైళ్లకు కొంచెము మించును. పట్టాల నడిమి యెడము 27 అంగుళములే. కొండగనులలోని పలకరాతిని సముద్రతీరమునకు దింపుటకై 1865లో దానిని నిర్మించిరి. 1946లో గని మూతపడెను. 1950లో యజమాని గతించెను. దారియు నంతటితో ముగియవలసినదే. కాని ఆ యేడే అభిమానులు సంఘముగా నేర్పడి, 1951 మొదలు దానిని తామే నడుపబూనిరి. స్వచ్ఛందసేవకులు చేపట్టి నిలిపిన రైలుదారులలో లోకమున నిదియే మొదటిది.

వారికి దక్కిన సంపద యేమి? నడువగల యింజను ఒక్కటి! పట్టాలు చాలవఱకు తొలినాడు పఱచినవే. అడుగుదుంగలు చివికినచోట్ల పట్టాలను నిలిపినది గడ్డియే యనిన అతిశయోక్తి గాదు. అదే యెడముగల కారిస్ దారి 1948లో మూతపడియుండుట కలిసివచ్చినది. అచ్చటి రెండింజనులను, కొన్ని పట్టాలను కొనిరి. చివికిన దుంగను పెకలించి, క్రొత్తదానిని చొప్పించి, కంకఱ కూరి, యెడము కొలిచి బిగించుట యెండవానలలో చేయు మోటుపని. సెలవుదినములను దీనికి ధారపోసినవారిని మేము మిక్కిలి శ్లాఘించుచున్నాము. ఇంజనుకు మెఱుగు పెట్టువానిని నలుగురు చూతురు. పట్టా మార్చినవాని నెవ్వరడుగుదురు?

పాతపట్టాలు తీసివేసిన ప్రాచీనత యెక్కడిదని కొందఱు ఆక్షేపింతురు. అరిగిన పట్టాలపై జనము నెక్కించిన బండిని పరుగెత్తించుట చరిత్రభక్తి కాదు. టవిన్ స్టేషనులో ప్రదర్శనశాల యున్నది. పాతపట్టా ముక్క మచ్చునకు అచ్చట నుండవచ్చును. వేల్సు వానలకు దుంగలు మరల చివుకుచునే యుండును గనుక, ఇట్టి సంఘములకు ద్రవ్యమిచ్చువారు ఇంజను రంగుకంటె ముందు దారి మరమ్మతునకు ఈయవలయును.