‘ఇంపెండింగ్’ కాదు, పెండింగ్!



మన బడుల్లో తెలుగు టీచర్ల ఖాళీల గురించి ఇచ్చిన వినతిపత్రానికి జవాబు వచ్చింది. నియామకాలు ‘ఇంపెండింగ్’ అట. అది చూసి గ్రూపులో కొందరు చప్పట్ల బొమ్మలు పెట్టేశారు. పెద్ద ఇంగ్లీషు ముక్క కనబడగానే పని అయిపోయినట్టేనా?

ఇంపెండింగ్ అంటే త్వరలో జరగబోయేది అని నిఘంటువులో ఉంటుంది. కానీ ఆ మాటకు మూలం లాటిన్‌లో వేలాడటం. నెత్తిమీద వేలాడుతూ ఇప్పుడో కాసేపట్లోనో పడబోయేదన్నమాట. అందుకే ఇంగ్లీషువాళ్లు దాన్ని ఎక్కువగా తుఫానుకు, యుద్ధానికి, చావుకు వాడతారు. మన మాటల్లో ముంచుకొస్తున్నది. పెళ్లికి కూడా వాడతారు, అయితే కుదిరిన పెళ్లికే. తుఫానుకు ముందు మబ్బు పడుతుంది, పెళ్లికి ముందు శుభలేఖ వస్తుంది. మరి ఈ నియామకాలకు ముందు ఏమొచ్చింది? నోటిఫికేషన్ లేదు, పోస్టుల లెక్క లేదు, తేదీ లేదు.

అదే వేలాడటంలోంచి పుట్టిన ఇంకో మాట మనకు బాగా తెలుసు: పెండింగ్. ఇంపెండింగ్ అయినది పడబోతుంది. పెండింగ్ అయినది ఫైల్లో దుమ్ము పట్టి వేలాడుతూనే ఉంటుంది. మన పని పెండింగ్‌లో ఉంది. దానికి ముందు ఒక ‘ఇం’ తగిలించి మనకు పంపారు, అంతే.

కన్నడ నాట తలుపుల మీద ‘నాళె బా’ అని రాసేవారు. మనవాళ్లు ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. దయ్యం రోజూ వచ్చి, చదువుకుని, వెనక్కి పోవాలని. దయ్యాన్ని తిప్పి పంపే ఉపాయాన్ని పిల్లల చదువు అడగడానికి వెళ్లిన మన మీద వాడుతున్నారు!

మనం దయాధర్మం అడగడం లేదు. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం ఉంది. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతోంది. ప్రయత్నమంటే ఏదో ఒక పని కంటికి కనబడాలి.

మర్యాదగానే జవాబిచ్చారు కదా, పేచీ ఎందుకు అనేవారున్నారు. నిజంగా ముంచుకొస్తున్నది ఏమిటో వారు ఆలోచించాలి. తెలుగు చెప్పే టీచరు లేకపోతే తెలుగులో పిల్లలు చేరరు. పిల్లలు లేరని సెక్షన్ ఎత్తేస్తారు. సెక్షనే లేనప్పుడు టీచరెందుకు అంటారు. అసలు ఇంపెండింగ్ ఇదీ!

కాబట్టి మళ్లీ రాద్దాం, మర్యాదగానే రాద్దాం. ఎన్ని పోస్టులు? ఏయే బడులకు? ఏ తేదీలోగా? ఈ మూడింటికీ అంకెల్లో, పేర్లతో జవాబు అడుగుదాం. ‘త్వరలో’ అని వచ్చినా, ‘ఇంపెండింగ్’ అని వచ్చినా జవాబు రానట్టే లెక్క. ఈ ఆదివారం సంతకాలకు అందరూ సంఘ కార్యాలయానికి రండి. బడి పిల్లల తల్లిదండ్రులను కూడా వెంటబెట్టుకుని రండి.