ఇంటిమీది నక్షత్రము



ఆగమన కాలము రాగానే నంద్యాల మొదలు ఆళ్లగడ్డ వరకు మన గ్రామములలో యువకులు వెదురు బద్దలు చీల్చి పెద్ద నక్షత్రములు కట్టుదురు. ఒకే పొడవుగల 5 బద్దలతో ఒక చుక్క, అటువంటిదే మరొకటి. రెంటి కొనలు జతచేసి కట్టి, బద్దలు కలిసే 5 చోట్ల నడుమ జానెడు పుల్లలు నిలిపితే నక్షత్రము ఉబ్బును. మైదా జిగురుతో రంగు కాగితము అంటించి లోపల దీపము పెట్టుదురు. జర్మనీలోని నీస్కీలో మొరేవియన్ సంఘపు బాలుర పాఠశాలలో 1830 ప్రాంతమున అనేక కొనల కాగితపు నక్షత్రము లెక్కల పాఠముగా పుట్టినది. మన చుక్కయు ఒక పాఠము చెప్పవలెను.

తల్లిదండ్రులారా, గడను కరెంటు తీగలకు దూరముగా పాతించండి. తీగలకు కొక్కెము తగిలించనియ్యకండి. అది దొంగతనము, ప్రాణాపాయము కూడ. కాగితమునకు తగులకుండ, వేడి తక్కువైన ఎల్.ఇ.డి. బల్బు పెట్టండి. పొరుగువారికంటె పెద్దది కావాలని అప్పు చేయకండి.

మత్తయి సువార్త 2వ అధ్యాయము చదవండి. ఆ నక్షత్రము హేరోదు నగరుమీద నిలువలేదు. శిశువున్న చోటికి నడిపించి అక్కడ ఆగెను. దాని పని దారి చూపుట. మన నక్షత్రము చూచి గుమ్మము తొక్కిన కూలివానికి, కులము వేరైన పొరుగువానికి, గట్టు తగవుతో అలిగిన అన్నకు చాప వేసి కూర్చుండబెట్టుదుమా? ఈ సంవత్సరము నక్షత్రము ఎత్తిన రాత్రే, మాటలు ఆగిపోయిన ఇంటికి మీరే వెళ్లి పిలువండి. లేనియెడల అది రంగు కాగితమే.

ప్రభువు మీ గృహములను వెలిగించును గాక. ఆమేన్.