ఇంట్లో తోలు పదును: ఏ పద్ధతి మన్నుతుంది?

మేకలు, గొర్రెలు పెంచే ఇళ్లలో మాంసానికి ఉన్న విలువ తోలుకు ఉండదు. ఎవరో అడిగిన ధరకు ఇచ్చివేయడమో, పారవేయడమో జరుగుతుంది. దానిని మనమే పదును చేసుకుంటే ఒక సంచికో, చెప్పుల జతకో పనికివస్తుంది కదా అన్న ఆలోచన మంచిదే. అయితే ఏ పద్ధతిలో పదును చేయాలన్నది ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న.

పచ్చితోలు ఎండితే బిరుసెక్కుతుంది; తడిస్తే మెత్తబడుతుంది; తడిలోనే ఉంటే కుళ్లుతుంది. చర్మంలో కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులు ఉన్నాయి. ఆ పోగులను పట్టి బిగించి, నీటికీ సూక్ష్మజీవులకూ లొంగకుండా చేయడమే పదును.

పటికతో, ఉప్పుతో చేసే పదును సులువు. కొద్ది రోజులలో తెల్లని, మెత్తని తోలు చేతికి వస్తుంది. కాని నీటిలో నానితే పటిక కరిగిపోయి తోలు మళ్లీ పచ్చితోలు వంటిదే అవుతుంది. బొచ్చుతో ఉంచి ఆసనంగా వాడుకోవడానికి అది చాలు, చెప్పులకు చాలదు.

క్రోమియం లవణాలతో చేసే పదును వేగవంతమైనది. ఆ తోలు మరిగే నీటికి సైతం తట్టుకుంటుంది. నేడు ప్రపంచంలో అధిక భాగం తోలు ఈ విధంగానే తయారవుతున్నది. కాని మిగిలిన నీటిని శుద్ధిచేసే ఏర్పాటు ఇంటిలో ఉండదు. తమిళనాడులోని పాలారు పరీవాహక ప్రాంతంలో తోళ్ల కర్మాగారాల వ్యర్థజలం నేలను, బావులను పాడుచేసిన సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1996లో తీర్పు వెలువడింది. పెరటి బావి ఉన్నవారు ఈ పద్ధతి జోలికి పోరాదు.

ఇక మిగిలినది చెక్క పదును. మన మెట్టనేలల్లో పసుపుపచ్చగా పూచే తంగేడు బెరడు, తుమ్మ బెరడు, కరక్కాయ దీనికి ముఖ్య సాధనాలు. ఒకప్పుడు బావులలో నిత్యం మునిగితేలిన కపిలబానలకు ఇటువంటి తోలే ఆధారం.

తీసిన తోలుకు వెంటనే ఉప్పు పట్టించాలి. పిమ్మట కడిగి, సున్నపు నీటిలో కొన్ని రోజులు నానబెట్టి, బొచ్చును, లోపలి మాంసపు పొరను గీకివేయాలి. సున్నం పోయేదాకా కడిగి, పులిసిన తవుడు నీటిలో ఉంచాలి. అప్పుడు దంచిన బెరడు నానిన కషాయంలో వేయాలి. మొదట పలుచని కషాయం, క్రమంగా చిక్కనిది. తొందరపడి మొదటనే చిక్కనిదానిలో వేస్తే పైపొర బిగిసి, లోపలికి రసం దిగదు. ఇనుప పాత్ర వాడితే తోలు నల్లబడుతుంది.

మేకతోలుకు వారాలు, దళసరి గేదెతోలుకు నెలలు పడతాయి. అంచున చిన్న ముక్క కోసి చూడండి. నడుమ తెల్లని చార కనిపిస్తే పని ఇంకా పూర్తికాలేదన్నమాట. చివర కరక్కాయ నీటిలో ముంచితే తంగేడు తోలు వెలుతురులో ఎర్రబడే గుణం తగ్గుతుంది. కొద్దిగా కానుగ నూనె రాసి నీడలో ఆరబెట్టాలి.

ఒక హెచ్చరిక: రోగంతో చచ్చిన పశువు తోలును ముట్టరాదు. దొమ్మరోగపు బీజాలు తోలులో చాలాకాలం బ్రతికి ఉండి, మనుషులకు ప్రాణాంతకం కాగలవు.

లందల దగ్గర ఈ విద్యను తరతరాలుగా నిలిపినవారు మాదిగ వృత్తికారులు. వారి చెప్పులతో నడిచిన ఊరే వారిని ఊరి వెలుపల ఉంచింది. మీ ప్రాంతంలో ఈ పని తెలిసిన పెద్దలు ఇంకా ఉంటే, మొదటి తోలు తడిపేముందు వారి వద్దకు వెళ్లి గౌరవంతో అడిగి తెలుసుకోండి. కషాయం ఎప్పుడు చిక్కబరచాలో వారి చేతికి తెలిసినంతగా ఏ పుస్తకమూ చెప్పలేదు.