గేమ్ కన్సోల్ కొనుగోలు: తొందరా? నిదానమా?

ఆలస్యం అమృతం విషం అంటారు తెలుగువారు. నిదానమే ప్రధానం అనేదీ వారే. మా ఇంట ఉర్దూలో "సబ్ర్ కా ఫల్ మీఠా హోతా హై" అంటారు; ఓర్పునకు ఫలం తియ్యగా ఉంటుందని దాని భావం. ఈ సూక్తులలో దేనిని అనుసరించవలెనన్న సమస్య ఇటీవల మేడ్చల్‌లోని మా ఇంట ఒక గేమ్ కన్సోల్ కారణంగా తలెత్తింది. ఈసారి కొత్త కన్సోల్ ఏది వచ్చినా విడుదలైన రోజుననే కొనవలెనని ఇంటర్మీడియట్ చదువుతున్న మా తమ్ముని పట్టుదల. అందుకు వాడు చూపిన దారి, అబ్బాజాన్ నెలనెలా కడుతున్న చీటీని పాడుకొనడం. ఆ చీటీ మా చెల్లెలి కళాశాల ఫీజు కోసం ఉద్దేశించినది. కనుక ఇది కేవలం వినోదానికి సంబంధించిన ప్రశ్న కాదు.

కొంతకాలం ఆగితే ధర తగ్గుతుందని పెద్దలు సలహా ఇస్తారు. పూర్వం ఇది చాలావరకు సత్యమే. నింటెండో సంస్థ 3డీఎస్ అనే చేతిలో ఇమిడే కన్సోల్‌ను 2011 మార్చిలో అమెరికాలో 249.99 డాలర్లకు విడుదల చేసి, ఆగస్టులోనే 169.99 డాలర్లకు తగ్గించింది. కాని ప్లేస్టేషన్ 5 చరిత్ర వేరు. 2020 నవంబరులో విదేశాలలో విడుదలైన ఆ కన్సోల్ మన దేశానికి 2021 ఫిబ్రవరి 2న రూ. 49,990 ధరతో వచ్చింది. జనవరి 12న ముందస్తు బుకింగులు మొదలైన కొద్ది నిమిషాలలోనే ముగిసిపోయాయి. ధర తగ్గుతుందని ఆగినవారికి 2022 నవంబరులో అది రూ. 54,990 అయింది. 2023 జూలై చివర ప్రత్యేక తగ్గింపుతో రూ. 47,490కి లభించింది. రెండున్నర సంవత్సరాల నిరీక్షణకు దక్కిన లాభం రూ. 2,500 మాత్రమే! కావున ధర కోసమే ఆగవలెననే వాదం నిలువదు.

అయినను ఆగడమే మేలని నా అభిప్రాయం. అందుకు కారణం ధర కాదు, తెలివిడి. కొత్త యంత్రంలోని లోపాలు పరీక్షాగారంలో కంటె కొనుగోలుదారుల ఇండ్లలోనే ఎక్కువగా బయటపడతాయి. 2005 నవంబరులో విడుదలైన ఎక్స్‌బాక్స్ 360 కన్సోళ్ళు అనేకం మూడు ఎర్రదీపాలు వెలిగించి మూలబడ్డాయి. చివరకు 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ లోపానికి వారంటీని మూడేళ్ళకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయించవలసి వచ్చింది. తొలినాడు కొన్నవాడు డబ్బు చెల్లించి మరీ పరీక్షకు నిలబడినట్లే గదా!

రెండవది, కన్సోల్ ఒక్కటే కొంటే సరిపోదు. ప్లేస్టేషన్ 5 మన దేశానికి వచ్చిన నాడు దాని పెద్ద ఆటల డిస్కు ఒక్కొక్కటి రూ. 4,999 పలికింది. తొలి మాసాలలో ఏ కన్సోల్‌కైనా ఆటలు స్వల్పమే. ఆగినవారికి ఆటలు పెరుగుతాయి. మిత్రుల మధ్య డిస్కులు చేతులు మారే అవకాశమూ కలుగుతుంది. మూడవది మరమ్మతు. 2025 జూన్ 5న నింటెండో స్విచ్ 2 విడుదలైనపుడు సంస్థ దానిని మన దేశంలో అధికారికంగా విడుదల చేయలేదు. విదేశాల నుండి తెప్పించుకొన్న కన్సోల్ పాడైతే మేడ్చల్, శామీర్‌పేట విద్యార్థి ఎవరి తలుపు తట్టగలడు?

తొలినాటి ఆనందం అబద్ధమని నేననను. మిత్రులందరూ కలిసి ఆడే ఆటను రెండేళ్ళ తరువాత ఒంటరిగా ఆడితే ఆ రుచి రాదు. ఈ మాట మా తమ్ముడే అన్నాడు. నా వద్ద దానికి జవాబు లేదు. స్వార్జితం గలవాడు ఆ ఆనందాన్ని కొనుక్కొంటే తప్పు పట్టరాదు. కాని ఒకరి ఆనందం కోసం మరొకరి చదువును తాకట్టు పెట్టడం న్యాయం కాదు.

కావున విద్యార్థి మిత్రులకు నా మనవి ఇది. ఆడదలచిన ఆటలు మూడైనా వచ్చినవా? చెడితే బాగుచేసే ఏర్పాటు మన నగరంలో ఉన్నదా? చెల్లించే డబ్బు మనదేనా? ఈ మూడింటికి అవునన్న జవాబు వచ్చిననాడు కొనండి. ఆ రోజు విడుదల దినమే అయినా సందేహించవలదు.

మా తమ్ముడు మొన్నటి రంజాన్ పండుగకు వచ్చిన ఈదీ డబ్బును విడిగా దాచాడు. నా ట్యూషన్ల ఆదాయంలో కొంత కలుపుతానని మాట ఇచ్చాను. చీటీ మాత్రం చెల్లెలిదే.